లకుముకి పిట్ట రెక్క

మా వీధి దర్జీకి పిట్టల ఫొటోలంటే ప్రాణం. కొత్త కెమెరా కొనాలా, పాతదానికే దూరపు లెన్సు కొనాలా? రెండింటికీ స్తోమత లేదు. కెమెరాల కొట్టాయన మంచివాడు, "రెండూ ఒక పూట వాడి చూడు బాబాయ్" అని చేతికిచ్చాడు.

కాలువ గట్టున లకుముకి పిట్ట వాలింది. కొత్త కెమెరాకు తన దగ్గరున్న చిన్న లెన్సు తగిలిస్తే నీలపు చుక్కే పడింది. పాత కెమెరాకు పెద్ద లెన్సు తగిలిస్తే బరువుకు చేతులు వణికాయి.

"నా భుజం మీద ఆనించండి," అంది వెంట వచ్చిన భార్య.

"మాట్లాడకుండా ఉండగలవా?"

"ముందు మీరు ఆపండి!" అని ఊపిరి బిగబట్టింది.

ఫొటోలో ఈకల పోగులన్నీ విడివిడిగా కనిపించాయి. జీవితమంతా సూది పట్టిన మనిషి చేతులు జోడించాడు.

"ఇంత సన్నటి పనితనం! ఎక్కడా ముడి కనబడదేమే! స్వామీ, ఏ చేత్తో కుట్టావయ్యా? పాత కెమెరా చాలు, ఈ లెన్సే ఉంచుకుందాం."

ఆమె ఇంకా భుజం కదపనే లేదు.