ఆరో చీనీ కప్పు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. బస్తర్ దక్షిణపు అంచున ఉన్న కోంటాలో కిరాణా దుకాణం నడిపేవాణ్ణి. కళ్ళకు కనిపించే సరుకు తప్ప మరో లోకం నాకు తెలియదు. ఇప్పుడు రాసేది మా ఇంటి వరండాలో పట్టపగలు జరిగింది. నాతోపాటు నా భార్య, ఒక బయటి మనిషి కూడా చూశారు.

నన్ను పెంచింది మా నాన్న చెల్లెలు. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తల్లి లేని నన్ను చంకనెత్తుకుంది.

మా ఇంట్లో ఆరు తెల్ల కప్పులు ఉండేవి. బస్తర్ సంస్థానం దేశంలో కలిసిపోయాక ఒక జమీందారు ఇంటి సామాను అమ్మేస్తుంటే మా తాత కొన్నాడట. వాటికి పిడి లేదు. మీగడ రంగు, పైన ఉబ్బెత్తుగా చిన్న పూలకొమ్మ. ఎండలో పట్టుకుంటే అవతలి వేలి నీడ ఇవతలికి కనిపించేది. పింగాణీ మడికి పనికిరాదని వాటిని వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. వరండా గూట్లోనే ఉండేవి.

ఇంట్లో మేము స్టీలు గ్లాసుల్లో బెల్లం చాయ్ తాగేవాళ్ళం. సంతకు వచ్చినవాళ్ళకు మాత్రం అత్త ఆ కప్పుల్లో చక్కెర చాయ్ ఇచ్చేది. వాటిని 'చీనీ కప్పులు' అనేది. మా బజారులో చక్కెరను హిందీవాళ్ళలాగే చీనీ అంటాం. చక్కెర చాయ్ పోస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందని జుట్టు నెరిసేదాకా అనుకున్నాను.

కిష్టారం వైపు నుంచి ఇప్పపువ్వు, చింతపండు తెచ్చే సోమ్డి అత్తకు స్నేహితురాలు. దోర్లా గిరిజనురాలు, అత్త ఈడుదే. కొమ్మ మీద ఒక పూరేకు అరిగిన కప్పు ఆమెది. అందులో అత్త చక్కెర కుమ్మరించేది.

ఒక సంత రోజు అందరి ముందూ కసిరాను. "గంత చీనీ ఏందత్తా? దుకాణం నీ పుట్టింటిదనుకున్నవా?"

అత్త పకపకా నవ్వింది. "నా పుట్టింటిదే గదరా అల్లుడా!"

సోమ్డి కూడా నవ్వింది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకే మొహం చెల్లలేదు.

ఆ రోజు నుంచి అత్త తన చాయ్‌లో తీపి మానేసింది. సోమ్డి కప్పులో మాత్రం తగ్గించలేదు. నేను గమనించాను. వేసుకో అత్తా అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె పోయేదాకా అనలేదు.

అత్త పోయాక చాలా రోజులు సోమ్డి మా గడప తొక్కలేదు. నేనూ కబురు పెట్టలేదు. కప్పులు గూట్లో దుమ్ము పట్టాయి. ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగి వాటిని చూసి, అవి చీనా దేశపు పాత పింగాణీ అన్నాడు. సేకరించేవాళ్ళు ఎగబడి కొంటారట. తనకు తెలిసిన హైదరాబాదు వ్యాపారిని పిలిపించాడు. దుకాణానికి స్లాబు వేయించవచ్చని నా ప్రాణం లేచొచ్చింది.

నా భార్య కప్పులు కడిగి, ఆరబెట్టి, గడ్డిలో చుట్టి పెట్టెలో సర్దింది. మర్నాడు పెట్టెకు చీమలు బారులు కట్టాయి. తెరిచి చూస్తే అయిదు కప్పుల జోలికి ఒక్క చీమా పోలేదు. అన్నీ ఆరోదానిలోనే. అరిగిన పూరేకు కప్పు. మళ్ళీ కడిగి, గడ్డి మార్చి, పెట్టెను ఇంకో గదిలో పెట్టింది. మళ్ళీ అదే వరస.

"మీ అత్త ఇంకా చాయ్ పోస్తున్నట్టుంది," అంది నా భార్య. నేను కసురుకున్నాను.

వ్యాపారి వచ్చి వరండాలో కూర్చున్నాడు. ఒక్కో కప్పు అంచును పంటికి తాకించి చూస్తున్నాడు. విరిగినచోట అతుకు వేసి ఉంటే పంటికి మెత్తగా తెలుస్తుందట. అయిదింటికీ తల ఊపాడు. ఆరోది పంటికి తగలగానే ఆగిపోయాడు.

"ఏంటండీ ఇది, చక్కెర పూశారా?"

స్పిరిటు దూదితో తుడిచి మళ్ళీ తాకించాడు. మళ్ళీ తీపే. లోపల ఏదో పగులు దాచామని అనుమానపడి, భూతద్దం పెట్టి కప్పంతా వెతికాడు. ఏమీ దొరకలేదు. చివరికి, "సరే, తీపైతే తీపి. ఆరూ ఉంటేనే నాకు లాభం, ఇచ్చేయండి," అన్నాడు.

నేను ఆ కప్పు అందుకుని అంచు నాలుకకు తాకించుకున్నాను. అల్లం వేసిన చక్కెర చాయ్. ఆ చాయ్ నేను ఎప్పుడూ తాగలేదు; ఆ వాసన మాత్రం చిన్నప్పటి నుంచి నాకు తెలుసు.

"ఇది అమ్మేది కాదు," అన్నాను. ఆయన ఎంత పెంచినా అదే మాట అన్నాను. అయిదింటినే తగ్గించిన ధరకు తీసుకుని, విసుక్కుంటూ పోయాడు. స్లాబు రాలేదు. ఇప్పటికీ మా దుకాణానికి రేకులే.

తరువాత కిష్టారం వైపు పోయేవాళ్ళతో కబురు పెడితే ఆ పై సంతకు సోమ్డి వచ్చింది. వరండాలో కూర్చోబెట్టి ఆ కప్పులో నా చేత్తో చాయ్ పోసి ఇచ్చాను. ఆమె తాగుతుండగా లోపలినుంచి నా భార్య చక్కెర డబ్బా పట్టుకుని పరుగున వచ్చింది. గిన్నెలో వేయడం మరిచిపోయిందట.

సోమ్డి కప్పు మీద అరచెయ్యి మూసింది. "ఇంకెందుకు బిడ్డా? మీ అత్త ఏసినట్టే ఉంది."

ఆ తరువాత కప్పుకు చీమలు పట్టలేదు. ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుపట్టదు. అదే గిన్నెలోంచి పోసుకున్న నా చాయ్ చప్పగా ఉంది. చక్కెర వేసుకోబుద్ధి కాక అలాగే తాగాను.