మోకాలి కింద ఖాళీ

మా టీవీ గేమ్‌లో హీరోకి మోకాలి కింద ఒక కాలు ఉండేది కాదు. పసుపు చొక్కా, చేతిలో కత్తి, ఒక కాలు శుభ్రంగా, రెండోది మోకాలి దగ్గర ఆగిపోయి కింద ఖాళీ. అయినా పరిగెత్తేవాడు, గోతులు దూకేవాడు. తొంభైల నడుమ, ఓడరేవు క్వార్టర్లలో ఉండేటప్పటి మాట. నాకు పదకొండేళ్లు. నా ఎడమకాలు పోలియోది. తోలు బూటు, దానికి ఇనప చువ్వలు. ఆ హీరోని మొదటిసారి చూడగానే, వచ్చాడు నావాడు, అనుకున్నాను.

నాన్న పోర్టులో కళాసీ. ఓడల మీద వచ్చిన పాత సామాన్లు అమ్మే దుకాణంలో ఆ గేమ్ కొన్నది తమ్ముడి కోసం. వాడికి నాలుగు రోజులకే మొహం మొత్తింది. "ఈడు కుంటోడు. పాడైపోయిన గేము అంటగట్టీసినారు" అన్నాడు. అన్నాక నా వైపు చూసి నాలుక కరుచుకుని, బ్యాటు పట్టుకుని పోయాడు. అప్పట్నుంచి సాయంత్రాలు కిటికీ కింద క్రికెట్ అరుపులు, లోపల నేనూ హీరో.

వాడి కాలు గురించి చాలా ఆలోచించాను. యుద్ధంలో పోయిందా, పుట్టుకతోనే లేదా? పుట్టుకతోనే అని తేల్చాను, ఎందుకంటే వాడి మొహంలో పోగొట్టుకున్న దిగులు లేదు. మూడు చుక్కల మొహంలో దిగులు వెతకడమేమిటంటే, నాకు వేరే పనేముంది? ఒక్క చిక్కు మాత్రం ఉండేది. ముందుకు పోతే ఒక కాలు ఉండదు, వెనక్కి తిరిగితే రెండోది ఉండదు. అవసరం కొద్దీ కాలు మార్చుకునే సౌకర్యం నాకు లేదే అని కాస్త కుళ్లుకున్నాను, అంతే.

నాకు నచ్చింది వాడి వీరత్వం కాదు. ఆ లోకంలో వాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. మా క్వార్టర్లలో కుళాయి దగ్గర నిలబడితే చాలు, "ఎలగైనాదమ్మా? సుక్కలెయ్యించలేదా?" అని మొదలెట్టేవారు. పక్కింటి పిన్నిగారైతే "గుడ్డి కన్నా మెల్ల నయం కదమ్మా" అని ఓదార్చేది. నేను గుడ్డీ కాదు, మెల్లా కాదు. ఆవిడకి నవ్వు మొహం చూపించి లోపల పళ్లు నూరుకునేదాన్ని. బళ్లో ఆటల పీరియడ్ వస్తే అందరి చెప్పులకీ కాపలా నేనే. వాడి సంగతి అలా కాదు. గబ్బిలాలు, పాములు, గొడ్డళ్ల రాక్షసులు అందరూ వాడి మీద మామూలుగానే విరుచుకుపడేవారు. అయ్యో పాపం అని ఒక్కడూ పక్కకి తప్పుకునేవాడు కాదు. వాడు చచ్చినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. నన్ను ఆటలో ఓడించడానికైనా ఎవరూ పిలిచేవారు కాదు. చాలా ఒంటరిగా ఉండేది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ వేసవిలో భీమిలి నుంచి మావయ్య వచ్చాడు. అమ్మకి తమ్ముడు, రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. గేమ్ చూసి నవ్వేశాడు.

"ఇదేటప్పా, క్యాసెట్‌లో దుమ్ము పేరుకుపోనాది. ఈడి కాలెక్కడికీ పోలేదు. నాను రప్పిత్తానుండు" అన్నాడు అమ్మతో.

"వొద్దు మావయ్యా, ఆడు అలగే ఉంటాడు" అన్నాను.

"అలగే ఉండిపోడానికి ఆడికేటి ఖర్మ?" అంటూ క్యాసెట్ మరలు విప్పాడు.

దూదితో తుడిస్తే నల్లటి మురికి వచ్చింది. ఓడరేవు నుంచి ఎగిరొచ్చి మా ఇళ్లలో అన్నం కంచాల మీద పడే బొగ్గు ధూళే అది. క్యాసెట్ మళ్లీ పెట్టాడు. హీరో రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. తమ్ముడు ఈల వేశాడు. అమ్మ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి చూసింది.

"వొచ్చీసినాది! కాలొచ్చీసినాది!" అని అరిచింది. ఆ చేతులే జోడించి టీవీకి దణ్ణం పెట్టింది. "సింహాద్రప్పన్నా, తండ్రీ!"

అమ్మ కళ్లలో నీళ్లు. ఎవరూ నవ్వలేదు. నాన్న గోడకేసి చూశాడు, మావయ్య మరలు ఏరుకుంటూ ఉండిపోయాడు. తమ్ముడు మీట నొక్కితే హీరో పరిగెత్తాడు. నేను జాగ్రత్తగా చూశాను. కాలొచ్చినా వాడి పరుగు పిసరంతైనా పెరగలేదు. అవే గోతులు, అదే దూకుడు.

"అమ్మా, సూడు. ఆడు ముందు కూడా ఇలగే పరిగెట్టీవోడు" అన్నాను.

అమ్మ ఆ మాట వినిపించుకోలేదు. నా తలని దగ్గరికి తీసుకుని, "నీకూ వొత్తాదే తల్లీ. అప్పన్న సామి దయ సూత్తాడు" అంది.

నాకు ధైర్యం చెప్పాలనే అంది. బయట ఎవరేమనుకున్నా ఇంట్లో మాత్రం నేను మామూలు మనిషిననే అనుకునేదాన్ని. మా ఇల్లంతా ఇన్నేళ్లూ నాలో మిగతాది ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉందని, అమ్మ గుండెకి ఆనుకుని ఉన్నప్పుడు తెలిసింది. నాకు రావలసినదేమీ లేదని నమ్మినదాన్ని, ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.