కేరట్ రంగు అరచేతులు

ఆ రోజుల్లో, అంటే మరీ పురాతనం కాదు, నాలుగేళ్ళ కిందటి మాట, కూర్చుంటే నాకు నిలబడాలనిపించేది, నిలబడితే కూర్మన్నపాలెం జంక్షన్ దాకా నడిచి రావాలనిపించేది. ఒక కంపెనీలో క్రేన్ ఆపరేటర్ ట్రైనీగా ఎంపికయ్యాను. నెలన్నరలో మెడికల్ పరీక్ష. నాకేమో దూరంగా ఉన్న అక్షరాలు చీమల బారులా కనబడతాయి. ఈ రహస్యం మావయ్య ఒక్కడికే చెప్పాను. (మావయ్యకు చెబితే కాలనీ మొత్తానికి చెప్పినట్టే.)

మావయ్య రిటైరైన క్రేన్ ఆపరేటరు. రిటైరయ్యాక ఫోన్లో వైద్యం చదువుతున్నాడు. "మా కాలంలో కళ్ళద్దాలోడ్ని పైకెక్కనిచ్చేవోరు కాదల్లుడూ. కేరట్లో కెరోటినుంటాది, మునగాకులో ఉంటాది, గుమ్మడికాయలోనూ ఉంటాది. కళ్ళకి గ్రీజెట్టినట్టే" అన్నాడు. అంతే, పొద్దున్న కేరట్ రసం, మధ్యాహ్నం మునగాకు పప్పు, సాయంత్రం గుమ్మడికాయ కూర. రోజూ డాబా ఎక్కించి నన్ను పరీక్షించేవాడు.

"ఏటి కనపడతంది?"

"బస్సు."

"బస్సని నాకూ తెలుసు. నంబరేటి?"

"టైర్లు మాత్రం గుండ్రంగా ఉన్నాయి మావయ్యా."

అయిదో వారంలో అమ్మ అన్నం వడ్డిస్తూ నా అరచేతులు చూసి గరిటె వదిలేసింది. "ఓలమ్మో! సూడన్నయ్యా, ఈడి సేతులు పసుపు ముద్దల్లాగున్నాయి. కామెర్లొచ్చీసాయి!" కామెర్లుంటే మెడికల్లో అన్‌ఫిట్టే. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో ఎవరికీ తెలియదు. మావయ్య వెంటనే నన్ను బైకెక్కించి ఆనందపురం దగ్గర పసరు మందిచ్చే ముసలమ్మ ముందు దింపాడు. ఆవిడ గుక్కెడు పసరు తాగించి, "ఉప్పూ నూనే ముట్టుకోకు బాబూ. ఉడకెట్టిన గుమ్మడికాయా కేరట్టూ తిను, సాలు" అంది. పథ్యం నిష్ఠగా చేశాను. చేసినకొద్దీ పచ్చబడ్డాను.

మెడికల్ రోజున ఎవరైనా చెయ్యి కలుపుతారేమోనని రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాను. డాక్టరు అరచేతులు చూశాడు, కంటిరెప్ప కిందికి లాగి చూశాడు. "ఏం తింటున్నావు బాబూ?"

చెప్పాను. చెప్పడానికి కొంచెం టైం పట్టింది.

"కామెర్లయితే కళ్ళు పచ్చబడతాయి. నీవి తెల్లగా ఉన్నాయి. ఇది కేరట్ రంగు, తినడం తగ్గిస్తే అదే పోతుంది. కెరోటిన్ ఒంట్లోకెళ్ళి విటమిన్ ఎ అవుతుంది, కంటికి మంచిదే. కానీ నీ దూరం చూపుకి మందు కాదు." నా ముక్కు మీద పరీక్ష అద్దాలు పెట్టాడు. గోడ మీది చీమలు లేచి అక్షరాలయ్యాయి. "అద్దాలతో కనపడితే చాలు, ఫిట్. ఆ ముక్క మీకు పంపిన కాగితంలోనే ఉంది కదా?"

ఉందట, చిన్న అక్షరాల్లో. ఆ కాగితం చదివింది మావయ్య. ఆయనకు దగ్గర చూపు లేదు.

ఇప్పుడు అద్దాలు తుడుచుకుని క్రేన్ ఎక్కుతూ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. ఒక్క డాక్టర్ని ముందే అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే కాదంటాడేమోనని భయం. కేరట్‌తో ఆ భయం లేదు. ఎన్ని తిన్నా అది కాదనదు.