వైపర్ చప్పుడు

ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషాయన. డిపోలో అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ఒక వానరోజు ఆస్పత్రి పక్క దిగుడు రోడ్డులో బ్రేకు పట్టలేదు. నిదానం గేర్లు తగ్గిస్తూ, బస్సును ప్రహరీగోడకు రాసుకుంటూ ఆపాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. ఆయనకూ ఏమీ కాలేదనే అనుకున్నారంతా.

పది రోజులకు మళ్లీ వాన వచ్చింది. వైపర్ కీచుమంటూ అద్దం మీద తిరగగానే ఆయన చేతులు కొయ్యబారిపోయాయి. ఎలాగో బస్సు పక్కకు తీశాడు.

“బ్రేకుకి భయపడితే అర్థముంది. వైపర్ నన్నేం చేసింది?” అని ఇంటికెళ్లి భార్యను అడిగాడు.

“పాముని వదిలేసి పక్కనున్న తాడుకి భయపడుతుంటే నేనేం చెప్పనండీ?” అంది ఆవిడ.

ఆస్పత్రిలో చూపించుకుంటే డాక్టరమ్మ చెప్పింది: “ఆ క్షణాన చుట్టూ ఉన్నవన్నీ మెదడు ఒకే మూట కట్టేసింది. తప్పెవరిదో విచారించే తీరిక దానికి లేదు. వైపర్ తిరిగినా ఏమీ కాదని మళ్లీ మళ్లీ చూపించాలి.”

సెలవు పెట్టి, డిపో షెడ్డులో ఆపిన బస్సులో వైపర్ వేసుకుని రోజూ అరగంట కూర్చున్నాడు. మెకానిక్‌గా పనిచేసే బావమరిది గొట్టంతో అద్దం మీద నీళ్లు కొట్టేవాడు. మొదటి వారం చెమటకు చొక్కా తడిసి ముద్దయ్యేది. మూడో వారానికి ఆవలింతలొచ్చాయి.

“నీకు భయం వదిలింది, నాకు జలుబు పట్టింది బావా,” అన్నాడు బావమరిది.

ఆ ఆదివారమే అల్లుడి కారులో వెళుతుంటే తుంపర పడింది. అల్లుడు వైపర్ వేయగానే నిదానం గుండె దడదడలాడింది. “ఆపు బాబూ,” అన్నాడు.

“పాత భయం చెరిగిపోదండీ,” అంది డాక్టరమ్మ, సంగతి విని. “దాని పక్కన కొత్త పాఠం నేర్పాం. అదీ మీ మెదడు షెడ్డులోనే నేర్చుకుంది. ఇక ఎక్కడికక్కడ నేర్పాలి.”

“అంటే నాలో ఇద్దరున్నారా?”

“అలాగే అనుకోండి.”

ఏ ఇద్దరో, అందులో తనెవరో ఆయనకు అంతుపట్టలేదు. అయినా రెండు నెలలు అల్లుడి కారులో, తెలిసినవాళ్ల వ్యానులో వానపడ్డప్పుడల్లా తిరిగాడు. తర్వాత మళ్లీ డ్యూటీ ఎక్కాడు.

ఒక మధ్యాహ్నం అదే దిగుడు, అదే వాన. వైపర్ తిరుగుతోంది. చేతులు మాట వింటున్నాయి. నోరు మాత్రం ఎండిపోయింది.

“భయమేస్తోందా అన్నా?” అన్నాడు కండక్టరు.

“లేదనే అనుకుంటున్నాను.”

బస్సు నెమ్మదిగా దిగింది. రెండు స్టాపులు దాటాక కండక్టరే వంగి చెప్పాడు, “వాన ఎప్పుడో వెలిసింది, వైపర్ ఆపన్నా.”

ఆపాడు. అంతసేపూ మరిచిపోయి వదిలేశాడో, ఆపితే భయం మళ్లీ వస్తుందని జంకాడో ఆయనకే తెలియలేదు.