ఊదారంగు నీడ

ఆ రోజు నేను చెప్పవలసింది ఒక్క మాట: "నాకూ అలాగే కనబడింది." అది చెప్పలేదు. అందువల్ల ఒక మనిషి తన కళ్ళను తానే నమ్మడం మానేశారు.

డెబ్బైల చివర్లో అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టరుగా కొత్తగా చేరాను. వార్షికోత్సవం నాటకంలో కాలవగట్టు ఉంది. వెనక తెరమీద ఆ గట్టు బొమ్మ వేయమని, బజారులో బోర్డులు రాసే పెయింటరుగారిని పిలిచారు. ఆయన మూడు సాయంత్రాలు ఊరి కాలవగట్టుమీద కూర్చుని, మధ్యలో చిల్లు పెట్టిన అట్టముక్కలోంచి ఒంటికన్నుతో చూస్తూనే ఉన్నారు.

"ఏం కనపడుద్దండి అందులో?" అన్నాను.

"రంగొకటే కనపడుద్దండి. అది కొబ్బరిచెట్టని తెలిసిందంటే మనసు ఊరుకోదండి, పచ్చ పులిమేస్తది. నీడంటే నలుపంటది. మీరూ చూడండి మాస్టారూ."

చూశాను. ఇసుకమీద పడిన నీడ లేత వంకాయరంగులో ఉంది. అట్ట పక్కన పెట్టగానే మళ్ళీ మామూలు నీడ అయిపోయింది.

ఆయన తెరమీద అలాగే వేశారు. విప్పి చూపించిన రోజు హెడ్మాస్టరుగారు పకపకా నవ్వారు.

"ఏంటయ్యా, గట్టుమీద వంకాయలు ఆరబోసేవా?"

"శుక్లాలు వచ్చేసినట్టున్నాయండి," అన్నారు స్కూలు కమిటీ పెద్దాయన.

"మాస్టారు కూడా చూసేరండి, ఆయ్. అడగండి," అన్నారు పెయింటరుగారు.

అందరూ నావైపు తిరిగారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. "నాకు రంగుల సంగతి తెలీదండి," అన్నాను.

ఆయన కుంచె తీసుకుని నీడలన్నిటికీ నల్లరంగు పూశారు.

శుక్లాల మాట బజారంతా పాకింది. కంటి డాక్టరు ఏ లోపమూ లేదన్నా ఆయనకు నమ్మకం కుదరలేదు. బొమ్మలు మానేసి, తెల్లరేకుమీద నల్ల అక్షరాలే రాసేవారు. డబ్బా మూత తీసే ముందు భార్యను పిలిచి, "ఇది నలుపేనా?" అని అడిగేవారు. ఆ మాట వింటూ ఆయన కొట్టు ముందునుంచి ఎనిమిదేళ్ళు నడిచాను.

ఒక సాయంత్రం కమిటీ పెద్దాయన బోర్డు కోసం వచ్చి ఆ కొట్టు బల్లమీద కూర్చుని ఉన్నారు. నేను లోపలికి వెళ్ళాను.

"రండి మాస్టారూ, ఏం రాయాలండి?" అన్నారు పెయింటరుగారు.

"రాయడానికి రాలేదండి. ఆ నీడ నాకూ ఊదాగానే కనబడింది. ఉద్యోగం పోద్దని భయపడి, తెలీదని అబద్ధం చెప్పేను. మీ కళ్ళు అప్పుడూ బాగానే ఉన్నాయండి. ఈయన ముందే చెబుతున్నాను, నన్ను క్షమించండి."