తాళం వేసిన బీరువాలో పగిలిన దిమ్మ

దేవుణ్ణి నమ్మేవాణ్ణి గాని దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. చీకటి పడ్డాక సమాధుల పక్కనుంచే ప్రార్థన కూటానికి వెళ్ళి వచ్చేవాణ్ణి. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం సంగతి కాదు. ఒక కాంక్రీటు దిమ్మ సంగతి.

డెబ్బైల చివర్లో వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో టెంపరరీగా చేరాను. మా సారు అణు విద్యుత్ కేంద్రాల్లో రియాక్టర్ చుట్టూ కట్టే మందపాటి కాంక్రీటు గోడల మీద పరిశోధన చేసేవారు. ఆ గోడ రేడియేషన్‌ను బయటికి రానివ్వదు. కానీ ఏళ్ళ తరబడి ఆ తాకిడికి కంకరలోని పలుగురాయి లోలోపలే ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న సిమెంటు తడి ఆరి ముడుచుకుపోతుంది. ఆ రెంటి మధ్య గోడ చీలుతుంది.

అది ఎంత చీలుతుందో తేల్చడానికి మడికొండ వైపు గుట్టల కంకరతో అరచేతిలో పట్టే దిమ్మలు పోశాం. ఒకటి దూరాన ఉన్న రియాక్టర్‌లోకి వెళ్తుంది. దాని జంట, పోల్చి చూడడానికి మా దగ్గరే ఉంటుంది. రెండూ ఒకేలా లేకపోతే పరీక్షకు విలువ లేదు. అందుకని గట్టిపడడానికి నీళ్ళతొట్టిలో వేసే ముందు ఆ రెంటి మీద చేతులుంచి, ఒక్కటిగా ఉండాలని ప్రార్థించాను.

"ఏం యేసోబు, సిమెంటుకు బాప్తిస్మం ఇస్తున్నవా?" అని సారు నవ్వారు.

ఒకటి పంపాం. మిగిలినవి బీరువాలో పెట్టి సారే తాళం వేశారు. చాలా నెలల తర్వాత కొలుద్దామని తీస్తే, ఆ జంట దిమ్మ పొడవు పెరిగి ఉంది. ప్రతి కంకర రాయి చుట్టూ గీసినట్టు సన్నని బీటలు. అదే కంకరతో పోసిన మరో దిమ్మ పక్కనే ఉంది. దానికి చిన్న గీత కూడా లేదు.

"పొయ్యి మీద గిట్ల పెట్టినవా? నిజం చెప్పు."

"నేనెందుకు పెడత సార్? తాళంచెవి మీ దగ్గర్నే ఉండె గద."

"మరి రాయి దానంతటదే ఉబ్బుతదా?"

నేనే ఏదో చేశానని ఆయన అనుమానం. నా ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే ఆయన మాటే ఆధారం. పెళ్ళయి ఏడాది కాలేదు. ఇంట్లో చెప్పలేకపోయాను.

మర్నాటి నుంచి నన్ను ముట్టనివ్వకుండా ఆయనే కొలిచారు. అది పెరుగుతూనే ఉంది. రేడియేషన్ కొలిచే పరికరం తెప్పించి చూశారు. ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం ఇద్దరం చూస్తుండగానే టేబుల్ మీది దిమ్మ టిక్కుమని మూల నుంచి మూలకు చీలింది. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది.

ఆ వారంలోనే ట్రంక్ కాల్ వచ్చింది. సారు ఫోన్ పెట్టేసి, చీలిన దిమ్మను చేతిలోకి తీసుకున్నారు.

"రియాక్టర్ల పెట్టిందాన్ని బయటికి తీసిండ్రట. గట్లనే, మూల నుంచి మూలకు," అన్నారు. "ఆనాడు ఏం ప్రార్థన చేసినవ్?"

చెప్పాను. ఆయన నవ్వలేదు.

"నీ తప్పేం లేదు. నీ నౌకరి సంగతి ప్రిన్సిపాల్‌కు నేను చెప్త. కని ఇది రాస్తె నన్నెవరు నమ్ముతరు?"

ఉద్యోగం పర్మనెంట్ అయిన ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, ఉద్యోగం దయచేసినందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. దిమ్మ సంగతి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అది దేవుని కార్యమని చెబితే అబద్ధసాక్ష్యం అవుతుందేమో. కాదని చెబితే దేవదూషణ అవుతుందేమో. ఇన్నేళ్ళయినా రెంటిలో ఏది నిజమో తేల్చుకోలేక, ఆ సాక్ష్యం చెప్పకుండానే ఉండిపోయాను.