బస్సు రాని స్టాపులో ఆపా

శుక్రవారం మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురింటి భాయ్ నిలబడి ఉన్నాడు. నమాజుకు వెళ్ళొచ్చిన బట్టలు కూడా మార్చుకోలేదు. ఫోను చెవి దగ్గర కాకుండా, వేడి గిన్నె పట్టుకున్నట్టు అరచేతిలో పట్టుకుని ఉన్నాడు. “టీచరమ్మా, మీ ఆపా పనిచేసే కాడి నుంచి ఫోను. గబగబా ఏందో ఇంగ్లీషులో చెప్తుండారు. కొంచెం వినమ్మా” అన్నాడు.

విన్నాను. ఇంగ్లండులో ఆపా పనిచేసే వృద్ధుల ఆశ్రమం మేనేజరు మాట్లాడుతోంది. ఆపా ఆ తెల్లవారుజామున డ్యూటీ దిగి గదికి నడిచి వెళ్తూ, దారిలో బస్టాపు బెంచీ మీద కూర్చుందట. కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకాయన గుడ్ మార్నింగ్ అంటే పలకలేదట. గుండె ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారట. చాలా మర్యాదగా, మెల్లగా చెప్పింది ఆమె. అదంతా భాయ్‌కి తెలుగులో చెప్పాల్సిన పని నాకు మిగిలింది. ఎట్లా చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. ఆయన అడిగిన ఒక్క మాట మాత్రం గుర్తుంది.

“యాడ?”

“బస్టాపులో, భాయ్.”

“ఆడ బస్సు యాడుండాది టీచరమ్మా? ఎత్తేసినారు గదా” అన్నాడు, నేనేదో తప్పు విన్నట్టు.

ఆపా అంటే అక్క. భాయ్ భార్య, నాకు రక్తసంబంధం కాదు. షార్జాలో మా ఫ్లాటుకు ఎదురు ఫ్లాటు. నెల్లూరు జిల్లా ముస్లింలు వాళ్ళు. భాయ్ ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ మెకానిక్కు. పిల్లలు లేరు. మేం ఈ బిల్డింగులోకి వచ్చిన మొదటి రోజు సామాను మోసుకుంటూ పైకెక్కితే, ఎదుటి తలుపు కింద ఒక నీలం హవాయి చెప్పు అడ్డం పెట్టి ఉంది. ఇక్కడి తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. అందుకని ఆ చెప్పు. లోపల నుంచి ఎవరో మనిషిని చూడకుండానే “ఎవరమ్మా? టీ తాగుతావా?” అని అడిగారు. కారిడార్లో అడుగుల చప్పుడు వినపడితే చాలు, ఆపా అడిగే మాట అదే. వాచ్‌మన్‌ని అడిగేది, గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి అడిగేది. “మూసిన తలుపు చూస్తే మనిషికి తట్టబుద్ధి కాదు టీచరమ్మా” అనేది.

ఆమె ఒక అరబ్బుల విల్లాలో ముసలామెను చూసుకునేది. కరోనా తగ్గాక ఆ ముసలామె కన్నుమూసింది, ఆపా పని కూడా ఖలాస్ అయింది. అప్పుడు ఎవరో ఏజెంటు ఇంగ్లండులో వృద్ధుల ఆశ్రమం పని గురించి చెప్పాడు. దానికి ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలి. అట్లా స్కూల్లో టీచర్నైన నేను ఆపాకు కూడా టీచర్నయ్యాను. తలుపు దగ్గరే చాప వేసుకుని కూర్చునేవాళ్ళం, ఇద్దరి మధ్యా చెప్పు.

పరీక్షలో అడిగే ప్రశ్నలు ఆమెకు భలే నచ్చేవి. మీ ఊరు గురించి చెప్పండి, మీకిష్టమైన రుచి ఏమిటి, సెలవు రోజు ఏం చేస్తారు. “ఇన్నేళ్ళు ఈ దేశంలో ఉండాను. అకామా ఉందా, ఉండే పర్మిట్టు ఉందా అని అడిగినారు గానీ, నీకేమిష్టం అని అడిగినోడు లేడు” అనేది నవ్వుతూ. ఒకరోజు, “మీరు ఉండే ప్రాంతంలో దేన్ని మార్చాలనుకుంటారు?” అన్న ప్రశ్న వచ్చింది. ఆపా ఆ ప్రశ్నను తనలో తాను మళ్ళీ చదువుకుంది. మాటలు దొరకడం లేదేమోనని నేను రెండు మూడు వాక్యాలు అందించబోయాను.

“అది కాదు టీచరమ్మా. చెప్తే మారుస్తారా?”

“పరీక్షే కదా ఆపా, ఏదో ఒకటి చెప్పండి.”

“మార్చనోళ్ళు అడగడం ఎందుకు?” అని, మళ్ళీ తనే ఆలోచించి, “ఏమోలే. అడగడమైనా మంచిదే. లిఫ్టులో ఫ్యాను పెట్టమని రాస్తా” అంది.

పాసయింది. వెళ్ళింది. చెప్పు తీసేసి భాయ్ తలుపు మూసుకున్నాడు. గ్యారేజీ నుంచి వచ్చేవాడు, వండుకునేవాడు, పడుకునేవాడు. శుక్రవారం నమాజు అయ్యాక మాత్రం ఫోను పట్టుకుని మా తలుపు తట్టేవాడు. “మీ ఆపా లైన్లో ఉండాది, రామ్మా.” అలా ఆ ఇంగ్లండు పల్లె నాకు భాయ్ ఫోను తెరమీద పరిచయమైంది. ఆకుపచ్చ, వాన, గొర్రెలు, మళ్ళీ వాన.

ఆశ్రమం ఒక ఊళ్ళో, ఆపా గది పక్క ఊళ్ళో. నడుమ సన్నని దారి, రెండు పక్కలా మనిషెత్తు కంచెలు, ఫుట్‌పాత్ లేదు. ఒకప్పుడు ఆ దారిలో బస్సుండేది. ఎక్కేవాళ్ళు లేరని ఎత్తేశారు. స్టాపు, బెంచీ, పైన రేకు మాత్రం ఉన్నాయి. చీకట్లో కారొస్తే ఆపా, ఆమెతో పనిచేసే మలయాళీ పిల్లా కంచెకు అంటుకుపోయి నిలబడేవాళ్ళు. “మా ఊరికి ఎర్రబస్సన్నా ఉండాది. ఇది ఇంగ్లండంట!” అని తిట్టేది.

ఎన్నికల కబురు ఒక వసంతంలో వచ్చింది. అక్కడి జిల్లా కౌన్సిల్‌కి ఎన్నికలు, మన మండల పరిషత్తులాంటిది అనుకోండి. ఆ రోజు ఆపా ఫోన్లో మామూలుకంటే గట్టిగా మాట్లాడుతోంది.

ఎవరో తలుపు తట్టారట. తీస్తే పొడుగాటి ముసలి దొరసాని, ఛాతీ మీద పార్టీ రంగు రిబ్బను పువ్వు, చేతిలో తడిసిన గొడుగు. చెప్పాపెట్టకుండా తలుపు తట్టినవాళ్ళెవరైనా చెకింగుకే వస్తారన్నది మా గల్ఫ్ వాళ్ళ ఎముకల్లో ఉన్న సంగతి. ఆపా మాట్లాడకుండా లోపలికి పోయి పాస్‌పోర్టు, వీసా కాగితాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టిందట. దొరసాని కంగారుపడి వెనక్కిచ్చేసి, “ఇవి నాకొద్దు. నేను కౌన్సిల్‌కి పోటీ చేస్తున్నాను. ఇక్కడ మీకేమైనా ఇబ్బంది ఉందా? నేను చేయగలిగింది ఏదైనా ఉందా?” అని అడిగిందట.

“పరీక్షలో ప్రశ్న టీచరమ్మా! అచ్చం అదే!” ఆపా తెరలోంచి బయటికి వచ్చేస్తుందేమో అన్నట్టుంది. “బస్సని చెప్పినా. బస్ ప్లీజ్, మార్నింగ్ బస్ అన్నా. రాసుకున్నాది. మళ్ళీ నీ ఓటు నాకెయ్యి అన్నాది.”

“నీకు ఓటేంది?” భాయ్ అడ్డం పడ్డాడు. “ఆళ్ళ పాస్‌పోర్టా నీది? అరె, అది ట్రాప్. వీసా క్యాన్సిల్ చేస్తారు. మూసుకొని పని చేసుకో.”

“ఇండియావాళ్ళు వెయ్యొచ్చంట. ఆమె చెప్పినాది.”

“ఆమె చెప్తుంది. ఓటు కావాల్సినోళ్ళు యాడైనా ఏమైనా చెప్తారు.”

ఇద్దరూ నా వైపు తిరిగారు. నాకు తెలియదు. వెతికి చూశాను. నిజమే, ఒకప్పుడు తమ పాలనలో ఉండి ఇప్పుడు కామన్వెల్త్‌లో ఉన్న దేశాలవాళ్ళు వీసా మీద అక్కడుంటే చాలు, పేరు నమోదు చేసుకుని ఓటెయ్యొచ్చట. మళ్ళీ చదివాను. నాకు ఏదీ ఒకసారి చదివితే నమ్మకం కుదరదు. చెప్పాను. భాయ్ నమ్మలేదు. ఆపా మాత్రం పకపకా నవ్వింది. “రెండొందలేళ్ళు నెత్తిన కూర్చున్నారు. ఒక ఓటన్నా ఇయ్యకపోతే ఎట్టా?”

ఆమె అంతకు ముందు ఓటేసింది ఒకేసారి, కొత్త కోడలిగా అత్తగారి ఊళ్ళో. ఆ తర్వాత గల్ఫ్ బతుకు. ఉన్న చోట ఓటు లేదు, ఓటున్న చోట మనిషి లేదు. భాయ్‌దీ నాదీ కూడా అదే కథ. కానీ మాకది ఎన్నడూ లోటుగా అనిపించలేదు. ఆపాకు అనిపించేదా? ఏమో. అడిగేదాకా ఆమెకూ తెలియదేమో.

పోలింగు రోజు పొద్దున, రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, అదే దారిలో నడిచి వెళ్ళింది. ఆ కథ మర్నాటి ఫోనులో ఎన్నిసార్లు చెప్పించుకున్నానో. ఊరి హాల్లో పోలింగు. బయట కుక్కలు కట్టేసి ఉన్నాయి. పోలీసులు లేరు. “లోపల పెన్సిలిచ్చినారు టీచరమ్మా! తాడుకు కట్టిన పెన్సిలు! ఎవరన్నా రబ్బరు పెట్టి తుడిచేస్తే?” గట్టిగా ఒత్తి గుర్తు పెట్టి, కాగితం మడిచి పెట్టెలో వేసింది. వేసి, బల్ల దగ్గరికొచ్చి, ఎడమ చూపుడు వేలు ముందుకు చాపి నిలబడింది, సిరా చుక్క కోసం.

బల్ల వెనకాల కూర్చున్నామె ఆ వేలు చూసింది, ఆపా ముఖం చూసింది. అర్థం కాలేదు. అక్కడ సిరా వెయ్యరు. చివరికి లేచి నిలబడి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, “వచ్చినందుకు థాంక్యూ” అందట.

“నేను సిరా కోసం ఆగితే ఆమె షేక్‌హ్యాండిచ్చినాది!” కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది ఆపా. ఆ వేలును తెరకు దగ్గరగా పెట్టి చూపించింది. వట్టి వేలు.

“సిరా లేకుంటే ఎవరు నమ్ముతారు నువ్వు ఓటేసినావని?” అన్నాడు భాయ్.

“నువ్వు నమ్మబాకలే.”

దొరసాని ఓడిపోయింది. భాయ్‌కి వారం పాటు పండగ. “వేస్టయింది గదా నీ ఓటు? వచ్చినాదా బస్సు?” అని ఆటపట్టించేవాడు. ఆపాకు కోపం రాలేదు. “అడిగింది గదా. అడిగినందుకు చెప్పినా” అంది. ఓడిపోయాక ఆ దొరసాని మళ్ళీ వచ్చి తలుపు తట్టిందట, ఓటేసినందుకు కృతజ్ఞతలు చెప్పడానికి. ఆపా కూర్చోబెట్టి, యాలకులు దంచి వేసిన టీ ఇచ్చింది. ఆ తర్వాత ఆమె తరచూ వచ్చేది. బస్సు రాలేదు. ఆ దారిలో ఇంకో చలికాలం నడిచింది ఆపా. నవ్వుతూనే చెప్పేది గానీ, చివరి నెలల్లో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి ఊపిరి పీల్చుకునేది. “ఎక్కుడు దారిలే” అనేది. ఆ బెంచీ మీద కాసేపు కూర్చుంటే సర్దుకుంటుందనేది.

బస్సుంటే ఆపా బతికేదా? ఈ ప్రశ్న మా బిల్డింగులో చాలామంది జవాబు తెలిసినట్టే అడిగారు. నాకు తెలియదు. బస్సులో కూర్చున్నా ఆగిపోయే గుండేనేమో. కాకపోతే పక్కన ఒక మనిషి ఉండేవాడు, చెయ్యి పట్టుకునేవాడు. అంతవరకు మాత్రం అనుకోగలను.

భాయ్‌కి వీసా అంత తొందరగా రాదన్నారు. మట్టి ఇవ్వడం ఆలస్యం చేయకూడదని ఆయనే అక్కడివాళ్ళకు అనుమతి ఇచ్చాడు. ఆ రోజు ఎదురింట్లో, చాప మీద కూర్చుని, ఫోన్లో చూశాం. పక్క టౌను మసీదు నుంచి వచ్చిన కొద్దిమంది మగవాళ్ళు, తడిసిన నేల. ఫోను పట్టుకున్నది మలయాళీ పిల్ల. ఆమె కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా మాకు ఆకాశం కనపడేది. భాయ్ ఇక్కడ కూర్చునే దుఆ చేశాడు. గ్యారేజీ నూనె ఎన్నడూ వదలని ఆ చేతులు చాచి అట్లాగే ఉండిపోయాడు.

అంతా అయ్యాక తెరమీదికి ఒక పొడుగాటి ముసలామె వచ్చింది. రిబ్బను పువ్వు లేదు, గొడుగుంది. నాకు పరిచయం అక్కర్లేకపోయింది. ఆమె ఆపా గురించి రెండు మాటలు చెప్పింది, టీ గురించి ఒకటి, నవ్వు గురించి ఒకటి. తర్వాత భాయ్‌ని చూస్తూ ఒక ప్రశ్న అడిగింది. దాన్ని నేను తెలుగులో చెప్పాను.

“మీకోసం నేను చేయగలిగింది ఏమైనా ఉందా అని అడుగుతోంది భాయ్.”

“నన్నా?”

“మిమ్మల్నే.”

ఆయన నా ముఖం చూశాడు, ఫోను చూశాడు. ఏ కాగితం తీసి చూపించాలో వెతుక్కుంటున్నట్టు చేతులు జేబుల మీదికి పోయాయి. తర్వాత కిందికి దిగాయి.

“నాకేం వద్దు. ఆ బస్సు... పొద్దున బస్సు. ఆ మలయాళీ పాప ఇంకా నడస్తా ఉండాది గదా, ఒంటరిగా. బస్సు గురించి అడుగుతుండానని చెప్పమ్మా.”

చెప్పాను. గొడుగు మీద వాన చప్పుడు షార్జాలో మాకు వినపడింది. “నేను ఓడిపోయాను కదా” అంది చివరికి. “కానీ మళ్ళీ నిలబడతాను.”

“నిలబడమను” అన్నాడు భాయ్. ఫోను ఆగిపోయాక కూడా దాన్ని చూస్తూ ఉన్నాడు. “ఏం చేస్తుందో ఏమో. అడిగింది గదా టీచరమ్మా. అడిగినందుకు చెప్పినా.”

అది ఎవరి మాటో ఆయనకు గుర్తుండి అన్నాడో లేదో నాకు తెలియదు. నేను గుర్తు చేయలేదు.

నిన్న స్కూలు నుంచి వచ్చి లిఫ్టు దిగేసరికి కారిడార్లో నేల మీద సన్నటి వెలుతురు గీత పడి ఉంది. ఎదుటి తలుపు పూర్తిగా మూసుకోలేదు. కింద ఆ నీలం హవాయి చెప్పు, ఆపా మడమ పడ్డ చోట అరిగిపోయి, తలుపును ఆపుతోంది. నా అడుగుల చప్పుడుకు లోపల గిన్నె కదిలింది.

“ఎవరమ్మా?” అన్నాడు భాయ్. తర్వాత, అలవాటు లేని గొంతుతో, “టీ తాగుతావా?”